చిన్న ఆసుపత్రిలో రోగుల రికార్డులను కంప్యూటరులో నిర్వహించడం ఎలా?

సోమవారం ఉదయం అనంతపురంలో ఏ నర్సింగ్ హోము ఓపీ వరండాలో నిలబడి చూసినా, పెద్దవయసు వారి ఒళ్లో ఒక ప్లాస్టిక్ కవరు కనిపిస్తుంది. బళ్లారిలో తీయించిన ఎక్స్‌రే, బెంగుళూరులో కొడుకు దగ్గర ఉన్నప్పుడు రాయించుకున్న మందుల చీటీ, నాలుగేళ్ల కిందటి షుగరు రిపోర్టు, వేడికి అచ్చు వెలిసిపోయిన ఈసీజీ కాగితం, వాటి మధ్యలో రేషన్ కార్డు జెరాక్స్ అందులో ఉంటాయి. ఆ మనిషి ఆరోగ్య చరిత్ర అంతా ఆ కవరులోనే ఉంది. గుంతకల్లు బస్సులో ఆ కవరు మరిచిపోతే, తరవాత చూసే డాక్టరు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టవలసిందే. ఆసుపత్రి కంప్యూటరులో పెట్టుకునే రికార్డు ఆ కవరు కంటే మెరుగ్గా పనిచేయాలి, అంటే పోకూడదు, చెరగకూడదు, ఒకరిది ఇంకొకరి పేరు మీదికి పోకూడదు, అడిగిన ప్రతివాడికీ చేతికి దొరకకూడదు.

పది నుంచి యాభై పడకల వరకు ఉన్న ఆసుపత్రులను, ఒక్క డాక్టరు నడిపే క్లినిక్కులను దృష్టిలో పెట్టుకుని ఈ వివరాలు రాస్తున్నాను. పెద్ద ఆసుపత్రులకు ఈ పనికోసం ప్రత్యేక విభాగాలు ఉంటాయి. మన చిన్న ఆసుపత్రుల్లో మాత్రం రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి, రాత్రి డ్యూటీ సిస్టరు, ల్యాబ్ అబ్బాయి కలిసి ఈ బరువంతా మోస్తారు. చాలా ఏళ్లు ఆ బల్ల దగ్గరే కూర్చుని పనిచేసినవాడిగా నాకు తెలిసిందేమంటే, ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ తెచ్చినా రికార్డు బాగోగులు మొదటి రెండు నిమిషాల్లోనే, రోగి పేరు నమోదు చేసే చోటనే తేలిపోతాయి. అందుకే ఆ భాగానికి ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాను.

కొనే ముందు చేయవలసిన పని

సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లను పిలిచే ముందు ఒక రోజంతా ఒక రోగి వెంట నడవండి. ఓపీ చీటీ ఎక్కడ రాశారు, ల్యాబ్ పుస్తకంలో ఎవరు ఎక్కించారు, ఎక్స్‌రే రిజిస్టరులో పేరు ఎలా పడింది, మందుల షాపు బిల్లు మీద ఏ పేరు వచ్చింది, అడ్మిట్ అయితే కేస్ షీటు మీద ఎవరు రాశారు అన్నవి వరుసగా కాగితం మీద పెట్టుకోండి. మేము అలా లెక్కపెట్టినప్పుడు ఒకే మనిషి పేరును ఏడు చోట్ల, ఆరుగురు వేరువేరు మనుషులు, నాలుగు రకాలుగా రాస్తున్నట్టు తేలింది. కంప్యూటరు వచ్చాక ఆ పేరు ఒక్క చోట, ఒక్కసారి మాత్రమే రాయబడాలి, మిగిలిన ఆరు చోట్లకూ అక్కడినుంచే పోవాలి. మీరు చూసే సాఫ్ట్‌వేర్ ఆ పని చేయలేకపోతే అది మీకు పనికిరాదు.

పాత ఫైళ్లన్నిటినీ స్కాన్ చేయించాలన్న ఆరాటం మొదట్లో అందరికీ ఉంటుంది. గది నిండా ఉన్న కట్టలను కూలికి మనుషులను పెట్టి స్కాన్ చేయిస్తే, చివరికి ఎవరిదో తెలియని బొమ్మలు వేల సంఖ్యలో మిగులుతాయి. పాత రోగి మళ్లీ వచ్చిన రోజున, ఆయన ఎదురుగా ఉన్నప్పుడు, ఆయన ఫైలు ఒక్కటే తీసి, అందులో పనికివచ్చే నాలుగు కాగితాలు (చివరి డిశ్చార్జ్ సమ్మరీ, ఆపరేషన్ నోటు, పడని మందుల వివరం, ఇటీవలి పరీక్షలు) మాత్రమే ఎక్కించడం మంచి పద్ధతి. తరచుగా వచ్చే షుగరు, బీపీ, కిడ్నీ రోగుల ఫైళ్లు ఏడాది తిరిగేసరికి వాటంతట అవే లోపలికి చేరిపోతాయి.

ఎవరు ఎవరో తేల్చుకోవడం

అనంతపురం ప్రాంతంలో నార్పల మండలం గూగూడు కుళ్లాయిస్వామి పేరు పెట్టుకోని ఊరు ఉండదంటే అతిశయోక్తి కాదు. పీర్ల పండుగకు అక్కడికి పోయి మొక్కుకున్న ఇళ్లలో, హిందువులైనా ముస్లిములైనా, కుళ్లాయప్ప, కుళ్లాయమ్మ, కుళ్లాయిరెడ్డి అన్న పేర్లు తరతరాలుగా వస్తున్నాయి. కర్నూలు వైపు ఈరన్న, మద్దిలేటి, కడప వైపు ఓబులేసు పేర్లదీ ఇదే పరిస్థితి. ఈ పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేటప్పుడు ఒకరు రెండు ఎల్‌లు వేస్తారు, ఒకరు ఒకటే వేస్తారు, ఒకరు వై పెడతారు, ఇంకొకరు ఐ పెడతారు. కొందరికి ఆధార్‌లో ఇంటిపేరు ఉండవలసిన చోట కులం పేరు చేరి ఉంటుంది, వాళ్లు దాన్ని ఒకసారి చెబుతారు, ఒకసారి చెప్పరు. పుట్టినరోజు తెలియని పెద్దవాళ్లలో చాలామందికి కార్డు మీద జనవరి 1 అని పడి ఉంటుంది. కాబట్టి పేరు, పుట్టిన తేదీ రెండూ కలిసినా ఇద్దరు మనుషులు ఒక్కటిగా కనిపించే అవకాశం మన దగ్గర చాలా ఎక్కువ.

నేను ఇంతకుముందు పనిచేసిన ఒక ఆసుపత్రిలో జరిగిన సంగతి చెబుతాను. కుళ్లాయప్ప అనే పెద్దాయన ఆయాసంతో, జ్వరంతో వచ్చాడు. కౌంటరులో ఉన్న కొత్త అబ్బాయి పేరు వెతికి, మొదట కనిపించిన కుళ్లాయప్ప రికార్డు తెరిచి, "నువ్వు కుళ్లాయప్పే కదా పెద్దాయనా?" అని అడిగితే ఆయన తల ఊపాడు. డాక్టరు ఆ రికార్డులో పడని మందులేవీ లేవని చూసి పెన్సిలిన్ జాతికి చెందిన సూది రాశారు. సూది వేయబోయే ముందు సిస్టరు, తన అలవాటు ప్రకారం, "ఎప్పుడన్నా సూది పడక ఒళ్లంతా దద్దుర్లు వచ్చినాయా నాయనా?" అని అడిగింది. "పోయినేడు ఈడనే వచ్చినాయి కదమ్మా, మీరే రాసిపెట్టుకున్నారు" అన్నాడాయన. నిజంగానే రాసిపెట్టుకున్నాం, అయితే అది ఆయన అసలు నంబరు కింద భద్రంగా ఉంది. ఆయనను చేర్చుకున్నది మాత్రం వేరే మండలంలోని ఇంకొక కుళ్లాయప్ప నంబరు మీద. ఆ సిస్టరు అడగకపోయి ఉంటే ఏమయ్యేదో నేను ఇప్పటికీ తలచుకోలేను.

ఆ రోజునుంచి మేము మార్చుకున్న పద్ధతి ఇది. పేరు మనం చెప్పి అవునా అని అడగకూడదు, వాళ్ల నోటితోనే చెప్పించాలి. చెవులు సరిగా వినిపించని వాళ్లు, భయంలో ఉన్నవాళ్లు దేనికైనా తల ఊపుతారు. పేరు తరవాత తండ్రి లేదా భర్త పేరు, పుట్టిన సంవత్సరం లేదా ఉజ్జాయింపు వయసు, ఊరు, మండలం ఇవన్నీ ప్రతిసారీ అడగాలి. ఈ నాలుగింటిలో కనీసం మూడు కలిస్తేనే పాత రికార్డు తెరవాలి. ఫోన్ నంబరును గుర్తుగా వాడడం అంత మంచిది కాదు, ఎందుకంటే ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోను ఉంటుంది, అదీ చాలాసార్లు బెంగుళూరులో పనికి పోయిన కొడుకు జేబులో ఉంటుంది. ఫోన్ నంబరు తీసుకోండి, దాని పక్కనే అది ఎవరిదో కూడా రాయండి.

ఊరి పేరు కొట్టడానికి వదిలేయకుండా, మండలం ఎంచుకుంటే అందులోని ఊళ్లు జాబితాగా వచ్చేలా పెట్టించుకోవాలి. కొత్తపల్లి, తిమ్మాపురం లాంటి పేర్లు ఒకటికి మించిన మండలాల్లో కనిపిస్తాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక హిందూపురం, ధర్మవరం, కదిరి ప్రాంతాల వాళ్ల పాత రికార్డుల్లో అనంతపురం జిల్లా అనీ, కొత్త వాటిలో శ్రీ సత్యసాయి జిల్లా అనీ ఉండి, ఒకే మనిషి రెండు జిల్లాల మనిషిగా కనిపించడం మేము చూశాం. నంద్యాల, కర్నూలు విషయంలోనూ ఇదే చిక్కు వస్తుంది. వెతికేటప్పుడు జిల్లాను వదిలేసి మండలం మీద వెతకడం మేలు.

పేరును తెలుగులో ఒకసారి, ఆధార్‌లో ఉన్నట్టుగా ఇంగ్లీషులో ఒకసారి, రెండు గడుల్లో నమోదు చేయండి. తెలుగు లిపిలో తప్పులు తక్కువ పడతాయి, సిస్టర్లకు చదవడం తేలిక. కొత్త నంబరు ఇచ్చే ముందు వెతికి తీరాలన్న నియమం సాఫ్ట్‌వేర్‌లోనే ఉండాలి, వెతకకుండా కొత్తది తెరవడానికి అది ఒప్పుకోకూడదు. ఆసుపత్రి ఇచ్చే నంబరు ఆ మనిషికి జీవితమంతా ఒకటే ఉండాలి, ఓపీకి ఒకటి, ఐపీకి (అడ్మిట్ అయినప్పుడు) ఒకటి, ల్యాబ్‌కు ఒకటి పనికిరావు.

ఇంత చేసినా రెండు నంబర్లు పడతాయి. వారానికి ఒకసారి, మేము శనివారం మధ్యాహ్నం పెట్టుకున్నాం, ఒకే రకంగా ధ్వనించే పేర్లు, ఒకే ఊరు, దగ్గర వయసు ఉన్న రికార్డుల జాబితా తీసి చూడాలి. ఒకే మనిషివని ఇద్దరు విడివిడిగా చూసి ఒప్పుకున్నాకే కలపాలి. కలిపాక పాత నంబరును చెరిపేయకూడదు, దాన్ని కొట్టినా కొత్త రికార్డుకే దారి చూపాలి, ఎందుకంటే ఆ పాత నంబరు రాసిన చీటీ ఆయన కవరులో ఇంకా ఉంటుంది. పొరపాటున ఇద్దరు వేరువేరు మనుషుల రికార్డులు కలిస్తే విడదీయడం నరకం. అనుమానం ఉంటే కలపకుండా వదిలేయండి.

స్పృహ లేకుండా వచ్చినవారికి తాత్కాలిక నంబరు ఇచ్చి, బంధువులు వచ్చాక అసలు రికార్డుతో కలపాలి. పుట్టిన బిడ్డకు వెంటనే సొంత నంబరు ఇచ్చి తల్లి నంబరుతో ముడిపెట్టాలి, కవలలైతే పుట్టిన క్రమంలో ఒకటి, రెండు అని రాయాలి.

ఆభా నంబరు

ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను 2020 ఆగస్టు 15న ప్రకటించి, మొదట ఆరు కేంద్రపాలిత ప్రాంతాల్లో ప్రయోగించి, 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ తెచ్చారు. అందులో భాగంగా కోరుకున్న ప్రతి మనిషికీ ఇచ్చే 14 అంకెల గుర్తింపు సంఖ్యే ఆభా. మీ ఆసుపత్రిని ఆ మిషన్ ఆరోగ్య కేంద్రాల జాబితాలోను, డాక్టర్లను వైద్య నిపుణుల జాబితాలోను నమోదు చేసుకున్నాక, ఆభాతో అనుసంధానమైన సాఫ్ట్‌వేర్ ఉంటే, కౌంటరు ముందు ఒక క్యూఆర్ కోడ్ అంటించుకోవచ్చు. రోగి గాని, ఆయన మనవడు గాని ఫోనుతో దాన్ని స్కాన్ చేస్తే పేరు, వయసు, ఊరు నేరుగా మీ తెర మీదికి వచ్చి టోకెన్ పడుతుంది. కుళ్లాయప్ప పేరులో ఎన్ని ఎల్‌లు అన్న ప్రశ్నే అక్కడ రాదు.

ఆభా వల్ల రికార్డులన్నీ ఢిల్లీలో ఎక్కడో ఒక్కచోట చేరిపోతాయని కొందరు భయపడతారు. ఆ ఏర్పాటులో రికార్డు తయారైన ఆసుపత్రి దగ్గరే ఉంటుంది. బెంగుళూరులోని డాక్టరు దాన్ని చూడాలంటే, ఏ రిపోర్టులు, ఎన్నాళ్ల వరకు చూడవచ్చో చెబుతూ రోగి తన ఫోనులో ఒప్పుకోవాలి, ఇష్టం లేనప్పుడు ఆ ఒప్పుకోలును వెనక్కి తీసుకోవచ్చు. పనికోసం సీజన్‌కు ఒక ఊరు మారే మన జిల్లా కుటుంబాలకు ఇది నిజంగా మేలు చేసే ఏర్పాటు. అయితే ఆభా తీసుకోవడం వాళ్ల ఇష్టం. అది లేదని గాని, ఆధార్‌కు ముడిపడిన ఫోను చేతిలో లేక ఓటీపీ రాలేదని గాని వైద్యం ఆపకూడదు. ఆ సమయంలో ఆసుపత్రి నంబరుతోనే నడిపించి, ఆభాను తరవాత జతచేయవచ్చు. ఆధార్ కార్డు జెరాక్స్ తీసి ఫైలులో పెట్టే అలవాటు మాత్రం మానుకోవాలి. గుర్తుకు చివరి నాలుగు అంకెలు చాలు.

డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద చూసే కేసుల విషయంలో ఒక హెచ్చరిక. ఆరోగ్యశ్రీగా ఈ పథకం 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి కాబట్టి, కేసు వివరాలు కంప్యూటరులో ఎక్కించి అనుమతి తెచ్చుకోవడం మన ఆసుపత్రులకు చాలాకాలంగా అలవాటైన పనే. ఆ అలవాటు వల్లనే, పథకం నడిపే ట్రస్టు వెబ్‌సైటులో ఎక్కించాం కదా, ఇక రికార్డు ఉన్నట్టే అన్న ధీమా వచ్చేసింది. అది బిల్లు కోసం పంపిన నకలు. అసలు కేస్ షీటు, ఆపరేషన్ నోటు, సమ్మతి పత్రం మీ సొంత రికార్డులో పూర్తిగా ఉండాలి.

ఏమి రాయాలి, ఎప్పుడు రాయాలి

రోగి రికార్డు తెరవగానే మొదటి తెర మీదే మూడు విషయాలు కనపడాలి. పడని మందులు, దీర్ఘకాలంగా ఉన్న జబ్బులు, ఇప్పుడు వాడుతున్న మందులు. పడని మందుల గడి ఖాళీగా ఉండనివ్వకూడదు. అడిగి లేవని తెలుసుకుంటే లేవని రాయాలి, అడగలేకపోతే అడగలేదని రాయాలి. ఖాళీ గడిని చూసిన డాక్టరు ఏమీ లేవనే అనుకుంటారు, ఆ రెండింటికీ మధ్య ఎంత తేడా ఉందో పైన చెప్పిన సంగతిలోనే ఉంది.

మందుల విషయంలో రోగి "పొద్దున ఒక తెల్ల మాత్ర, రాత్రికి షుగరు మాత్ర" అని చెబుతాడు. తరవాతిసారి వచ్చేటప్పుడు ఖాళీ అట్టలన్నీ తెమ్మని చెప్పి, వాటి మీద ఉన్న అసలు మందు పేరు, అంటే మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్ అన్నట్టుగా, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు అన్నది ఎక్కించాలి. కంపెనీ పేర్లు మాత్రమే రాస్తే ఒకే మందు రెండు పేర్లతో రెండుసార్లు మింగే ప్రమాదం ఉంది. జబ్బు పేరును డాక్టరు మాటల్లో రాసినా దాని పక్కన ఐసీడీ-10 (జబ్బులకు ప్రపంచమంతా వాడే సంకేతాల జాబితా) సంకేతం కూడా పడితే మంచిది. రెండో రకం షుగరుకు ఈ11, బీపీకి ఐ10 అన్నట్టు, మీ దగ్గరకు తరచుగా వచ్చే ముప్పై నలభై జబ్బులకు జాబితా చేసుకుంటే డాక్టరు వేలితో ఒక్కసారి తాకితే సరిపోతుంది.

సమయం రాయడం ఎంత ముఖ్యమో పాముకాటు కేసులో తెలుస్తుంది. వేరుశనగ చేలో కలుపు తీస్తూ కాటు పడిన మనిషిని తెస్తారు. కాటు ఎన్ని గంటలకు పడింది, ఆసుపత్రికి ఎన్ని గంటలకు వచ్చారు, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో తీసిన రక్తం ఇరవై నిమిషాలకు గడ్డకట్టిందా లేదా, విషం విరుగుడు మందు (ఏఎస్‌వీ) ఎన్ని వయల్స్, ఎన్ని గంటలకు ఎక్కించారు, ఎక్కించేటప్పుడు దురద గాని, బీపీ పడిపోవడం గాని వచ్చిందా, ఆరు గంటల తరవాత మళ్లీ చేసిన రక్త పరీక్షలో ఏమి కనిపించింది అన్నవి గంటలు, నిమిషాలతో సహా ఉండాలి. ఆ మనిషిని రాత్రి కర్నూలు పెద్దాసుపత్రికి పంపవలసి వస్తే అక్కడి డాక్టరుకు ఈ ఒక్క పేజీ ప్రాణంతో సమానం. "ఏఎస్‌వీ ఇవ్వబడినది" అన్న ఒక్క వాక్యం ఆయనకు ఏ పనికీ రాదు. అందుకే ఇలాంటి అత్యవసర కేసులకు ముందే గడులు గీసిన నమూనాలు సాఫ్ట్‌వేర్‌లో తయారు చేయించుకోండి, మంచం పక్కనే ఎక్కించడానికి వీలుగా ఒక ట్యాబ్ ఉంచండి.

పని అయిపోయాక రాత్రి పదింటికి కూర్చుని అన్నీ ఒకేసారి ఎక్కించే పద్ధతి రికార్డును పాడుచేస్తుంది, అప్పటికి గుర్తున్నది కొంత, ఊహించింది కొంత కలిసిపోతుంది. ఆలస్యంగా ఎక్కించక తప్పకపోతే, ఏ సమయానికి సంబంధించినది, ఏ సమయంలో రాస్తున్నాం అన్న రెండూ రాయాలి. నిన్నటి నోటును కాపీ చేసి ఇవాళ అతికించడం ఇంకా ప్రమాదం, నాలుగు రోజుల కిందట తగ్గిపోయిన జ్వరం డిశ్చార్జ్ నాటికి కూడా కాగితం మీద కొనసాగుతూనే ఉంటుంది. తప్పు పడితే చెరిపేయకండి. తప్పు అలాగే ఉండి, దాని కింద సరైన వివరం, సరిదిద్దినవారి పేరు, తేదీ, సమయం చేరాలి. కోర్టుకు పోయినప్పుడు నిలబడేది అటువంటి రికార్డు మాత్రమే.

ఎవరు ఏమి చూడవచ్చు

కంప్యూటరుకు ఒకే లాగిన్, పాస్‌వర్డు మానిటర్ అంచున అంటించిన చీటీ మీద ఉండే ఆసుపత్రులు మన చుట్టూ లెక్కకు మించి ఉన్నాయి. ప్రతి ఉద్యోగికీ సొంత లాగిన్ ఉండాలి. కౌంటరులో ఉన్నవారికి పేరు, ఊరు, అపాయింట్‌మెంట్, బిల్లు కనిపిస్తే చాలు, జబ్బు వివరం కనపడవలసిన పని లేదు. ల్యాబ్‌కు పరీక్షల వరకు, మందుల షాపుకు మందుల చీటీ వరకు చూపాలి. ఎవరు ఏ రికార్డు ఎప్పుడు తెరిచారో సాఫ్ట్‌వేర్ దానంతట అదే రాసుకోవాలి, ఆ చిట్టాను నెలకొకసారి డాక్టరుగారే స్వయంగా చూడాలి. ఉద్యోగం మానేసిన రోజు సాయంత్రానికే ఆ మనిషి లాగిన్ మూసేయాలి.

చిన్న ఊళ్లలో గోప్యత పట్నాల్లో కంటే కష్టం. కౌంటరు అమ్మాయిది, రోగిది ఒకే వీధి అయి ఉంటుంది. టీబీ మందులు వాడుతున్నారన్న మాట బయటికి పొక్కితే ఒక పెళ్లి సంబంధం తప్పిపోతుంది. కాబట్టి కంప్యూటరు తెరను, వరుసలో నిలబడినవారికి కనపడకుండా తిప్పి పెట్టండి, పేరు పిలిచేటప్పుడు జబ్బు పేరు జతచేసి అరవకండి, రిపోర్టులను సిబ్బంది సొంత ఫోన్ల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం పూర్తిగా ఆపించండి. డాక్టరుకు వెంటనే చూపవలసిన ఈసీజీ ఉంటే ఆసుపత్రి ఫోనునుంచి, పేరు లేకుండా నంబరుతో పంపి, పని కాగానే తీసేయండి.

కొన్ని రికార్డులకు మామూలు తాళం సరిపోదు. హెచ్ఐవీ వివరాల గోప్యతకు 2017 నాటి చట్టం ఉంది, మానసిక వైద్య రికార్డులకు అదే ఏడాది వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఉంది. గర్భస్రావం విషయంలో అడ్మిషన్ రిజిస్టరు రహస్య పత్రం, ఆ స్త్రీ పేరు మిగతా కాగితాల్లో రాయకుండా క్రమసంఖ్య మాత్రమే వాడాలని నియమం. అన్నీ ఒకే చోట కనిపించేలా తయారైన సాఫ్ట్‌వేర్ ఈ నియమాన్ని తెలియకుండానే తప్పుతుంది. కొనేటప్పుడే ఈ మూడింటికీ విడి తాళం ఎలా వేస్తారో చూపించమని అడగండి.

రోగి సమాచారాన్ని కాపాడడం ఇప్పుడు చట్టబద్ధమైన బాధ్యత కూడా. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి, అవి అంచెలంచెలుగా అమలులోకి వస్తున్నాయి. తగిన భద్రత పెట్టకపోతే ఆ చట్టం కింద జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు.

నకలు ఇవ్వడం, దాచి ఉంచడం

రోగి తన రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని, అడ్మిట్ అయినవారి రికార్డులను వైద్యం మొదలైన తేదీనుంచి కనీసం మూడేళ్లు ఉంచాలని 2002 నాటి భారత వైద్య మండలి నియమావళి చెబుతుంది. లింగనిర్ధారణ నిరోధక చట్టం కింద గర్భిణుల స్కానింగు రికార్డులు రెండేళ్లు, గర్భస్రావ నియమాల కింద ఆ రిజిస్టరు ఐదేళ్లు ఉంచాలి, కేసు నడుస్తుంటే అది తేలేదాకా ఏదీ తీయకూడదు. కంప్యూటరు రికార్డులను మాత్రం రోగి జీవితకాలమంతా ఉంచాలని 2016 నాటి కేంద్ర ప్రమాణాలు కోరుతున్నాయి. రికార్డు ఆసుపత్రి దగ్గర నమ్మకంగా ఉంచిన వస్తువనీ, అందులోని సమాచారానికి యజమాని రోగి అనీ ఆ ప్రమాణాలే చెబుతున్నాయి.

బంధువులు వచ్చి అడిగినప్పుడే సిబ్బంది ఎక్కువగా తడబడతారు. "నేను వాళ్ల బావమరిదినప్పా, రిపోర్టు ఇస్తే నేనే చూపించుకుంటాను" అంటే కాదనడం మన ఊళ్లలో కష్టమే. రోగి స్పృహలో ఉంటే ఆయననే అడగాలి, ఒప్పుకుంటే సంతకం గాని, వేలిముద్ర గాని తీసుకుని ఇవ్వాలి. పోలీసులకు, కోర్టుకు రాతపూర్వకంగా అడిగితే ఇచ్చి, ఆ కాగితం ఫైలులో పెట్టాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి ఆ కేసుకు సంబంధించినంత వరకే ఇవ్వాలి. ఏది ఎవరికి ఎప్పుడు ఇచ్చారో ఒక రిజిస్టరులో రాయాలి.

కరెంటు పోయినప్పుడు, కంప్యూటరు మొరాయించినప్పుడు

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబరు దాడి జరిగి, అంత పెద్ద సంస్థ కూడా రెండు వారాల పాటు చేతిరాతతో ఓపీ నడుపుకోవలసి వచ్చింది. మన దగ్గర దాడి దాకా పోనక్కరలేదు, ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి యూపీఎస్ చేతులెత్తేసినా అదే గతి. అందుకని ప్రతి వార్డులో అచ్చువేసిన ఖాళీ కాగితాల కట్ట, ప్రతి రెండు గంటలకు ఒకసారి అచ్చు తీసిన అడ్మిట్ రోగుల జాబితా, వాళ్ల మందుల పట్టిక ఉండాలి. కరెంటు వచ్చాక ఆ కాగితాలను ఎవరు, ఎంతసేపట్లో ఎక్కిస్తారో ముందే పేరు పెట్టి చెప్పి ఉంచాలి.

బ్యాకప్ మూడు చోట్ల ఉండాలి. పనిచేస్తున్న కంప్యూటరులో ఒకటి, ఆసుపత్రిలోనే వేరే హార్డ్‌డిస్కులో ఒకటి, ఆసుపత్రి బయట ఒకటి. హార్డ్‌డిస్కును బ్యాకప్ అయిపోగానే కంప్యూటరునుంచి ఊడదీసి బీరువాలో పెట్టాలి, తగిలించే ఉంచితే దాడి జరిగిన రోజున అదీ పోతుంది. మూడు నెలలకొకసారి ఒక పాత కంప్యూటరులో ఆ బ్యాకప్‌ను తెరిచి, ఫలానా రోజున డిశ్చార్జ్ అయిన ఫలానా రోగి సమ్మరీ పూర్తిగా కనిపిస్తున్నదో లేదో చూడండి. మా దగ్గర పదకొండు నెలలపాటు రోజూ బ్యాకప్ అయిందన్న సందేశం వస్తూనే ఉంది, తీరా తెరిచి చూస్తే అందులో బిల్లులు తప్ప వైద్యం వివరాలు లేవు. అదృష్టం కొద్దీ అవసరం పడకముందే చూశాం. సైబరు దాడి జరిగినట్టు తెలిస్తే ఆరు గంటల్లోగా సెర్ట్-ఇన్‌కు (సైబరు దాడులను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) తెలియజేయాలని 2022 ఏప్రిల్ నాటి ఆదేశం, ఆ ఫోన్ నంబరు, ఈమెయిలు గోడమీద రాసి ఉంచండి.

ఒప్పందం, మారే రోజు

సాఫ్ట్‌వేర్ కంపెనీతో ఒప్పందంలో ధర కంటే ముందు చూడవలసిన మాట ఒకటుంది. రేపు మేము మానుకుంటే మా రికార్డులన్నీ, స్కాన్ చేసిన కాగితాలతో సహా, ఇంకొక సాఫ్ట్‌వేర్ చదవగలిగే రూపంలో ఎన్ని రోజుల్లో, ఎంత ఖర్చుతో ఇస్తారు? ఈ ప్రశ్నకు రాతపూర్వకమైన జవాబు లేకుండా సంతకం పెట్టకండి. వాళ్లు చూపించే నమూనాలో తెలుగులో పేరు కొట్టించి, తెలుగులోనే వెతికించి చూడండి. ఎఫ్‌హెచ్‌ఐఆర్ ప్రమాణం (ఒక సాఫ్ట్‌వేర్ రికార్డును ఇంకొకటి చదవగలిగేలా చేసే పద్ధతి) పాటిస్తున్నదో, ఆభాతో అనుసంధానం పూర్తయిందో ఋజువు అడగండి.

మారడం ఒక్క రోజులో పెట్టుకోవద్దు. మొదటి వారం రిజిస్ట్రేషన్ మాత్రమే కంప్యూటరులో చేసి మిగతా అంతా కాగితం మీదే నడపాలి, రెండో వారం ల్యాబ్, తరవాత మందులు, చివరగా కేస్ షీటు చేర్చాలి. ఓపీ రద్దీ ఎక్కువగా ఉండే సోమవారం ఏదీ మొదలుపెట్టకూడదు, బుధవారం గాని గురువారం గాని మంచిది. ప్రతి అంచెలోనూ కాగితాన్ని ఏ తేదీనుంచి ఆపేస్తున్నామో గోడమీద అంటించాలి, లేకపోతే కొందరు కాగితంలో, కొందరు కంప్యూటరులో రాస్తూ రెండూ సగం సగంగా మిగిలిపోతాయి. డిశ్చార్జ్ రోజున రోగికి ఇచ్చే కాగితం అడుగున, తెలుగులో, పెద్ద అక్షరాల్లో నాలుగు వరుసలు ఉంచండి. ఆసుపత్రి నంబరు, జబ్బు పేరు, పడని మందు, మళ్లీ రావలసిన తేదీ. ఆ కాగితం ఎలాగూ ఆయన ప్లాస్టిక్ కవరులోకే చేరుతుంది, బళ్లారిలో దాన్ని చూసే డాక్టరు మొదట చదివేవి ఆ నాలుగు వరుసలే.